నాన్న పీపా మీద మొదటి మాట

సాన్ గ్రాతో,
1967 అక్టోబరు 22, ఆదివారం

అక్కా,

ముందుగా మదర్ జెల్త్రూదె గారికి నమస్కారం. మఠంలోకి వచ్చే ప్రతి ఉత్తరం ఆవిడ చదివాకే నీ చేతికి ఇస్తారు కదా, అందుకని ముందు ఆవిడనే పలకరించడం మర్యాద. మదర్ గారూ, ఇందులో రహస్యాలేమీ లేవు, నడుం నొప్పి తప్ప.

కోత అయిపోయింది. నాన్న పోయాక ఇది మూడో కోత. కొండ మీది తొంభై ఒక్క మెట్ల చేలూ ఎక్కి దిగాను. పందిళ్ళ కింద మెడ పైకెత్తి కోసీ కోసీ ఇప్పుడు ఎవరు పలకరించినా ఆకాశం చూస్తూనే మాట్లాడుతున్నాను. రాతి స్తంభాలు రెండు కూలాయి, మళ్ళీ నిలబెట్టించాను. ద్రాక్ష ఈ ఏడు నల్లగా, చిన్నగా, గట్టి తోలుతో వచ్చింది. తొట్టిలో వేశాక మూడో రోజుకి పొంగడం మొదలైంది. పక్కన నిలబడితే వాన పడుతున్నట్టు చప్పుడు.

మన 64 నాటి వైన్ నాలుగు ఓక్ పీపాల్లోనూ నిద్రపోతోంది. తలుపు దగ్గర చెవిటిది, దాని పక్కన మొండిది, తర్వాత నాన్నది, గోడవారన దొరసాని. నువ్వు పెట్టిన పేర్లే. చెక్క తన వంతు తాను తాగుతూనే ఉంటుంది, నేను శనివారం శనివారం గాజు బుడ్డిలోంచి తీసి ఆ వెలితి నింపుతూనే ఉన్నాను. మార్చిలో సీసాల్లోకి ఎక్కించాలి.

బాబాయి కొడుకు సెకొందో అన్నయ్య ఇవాళ పూజ అయ్యాక చర్చి మెట్ల మీద పట్టుకున్నాడు. "ఎందుకమ్మాయ్ ఈ అవస్థ? ఊరందరిలాగా నీ ద్రాక్ష కూడా కింద ఉమ్మడి గిడ్డంగికి తోలెయ్యి. అన్నీ కలిపి వాళ్ళే చేసుకుంటారు. నీ నడుమూ మిగులుతుంది, నా బుర్రా మిగులుతుంది" అన్నాడు. "నీ బుర్ర ఎప్పుడో మిగిలిపోయిందిలే అన్నయ్యా, వాడితే కదా" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

సెప్టెంబరులో రెండు వారాలు జ్వరం వచ్చింది. తగ్గిపోయింది. కంగారు పడకు.

క్లేలియా


సాంత్ ఆన్యెజె మఠం, వెర్చెల్లి,
1967 నవంబరు 3

క్లేలియా పిల్లా,

నీ ఉత్తరం చదివి మదర్ గారు భోజనాల బల్ల దగ్గర నవ్వారు. మౌనంగా తినాల్సిన చోట నవ్వినందుకు ఆవిడే తనకు శిక్ష వేసుకున్నారు. ఇకనుంచి కాస్త చూసి రాయి.

ఇక్కడ వరికోతలు అయ్యాయి. గోడ అవతల మొదళ్ళు తగలబెడుతున్నారు. పొలం కనిపించకపోయినా పొగ వాసనను బట్టి ఏ మడి ఎండిందో, ఏది ఇంకా తడిగా ఉందో చెప్పగలను. చెబితే సిస్టర్లు మొక్కుబడిగా ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడుసార్లు చదివాను. నలుపు ఉంది, చప్పుడు ఉంది, తోలు గట్టిదనం ఉంది. వాసన ఒక్కటీ లేదు. కోత ఉత్తరంలో వాసన లేకపోవడమేమిటి? పోయినేడు "తొట్టి మీద వంగితే గులాబీ, తారు కలిపి ముఖాన కొట్టినట్టుంది" అని రాశావు. చిన్నప్పుడు పాఠం పుస్తకం కూడా ముందు వాసన చూసి తర్వాత తెరిచేదానివి. జలుబైతే జలుబని రాసి ఉండేదానివి, పది పంక్తులు దాని మీదే ఏడ్చి ఉండేదానివి. జ్వరం గురించి ఒక్క ముక్కలో రాసి, కంగారు పడకు అన్నావు. అందుకే పడుతున్నాను.

నీ ముక్కుకి ఏమైంది?

త్వరగా రాయి. డిసెంబరు మూడున ఆగమన కాలం మొదలవుతుంది. అప్పటి నుంచి క్రిస్మస్ దాకా మాకు ఉత్తరాలు ఉండవని నీకు తెలుసు.

అక్క ఒత్తావియా
(ఇక్కడ సిస్టర్ పాచిఫికా. నాలో శాంతం ఎంతుందో నీకు తెలుసు కాబట్టి ఆ పేరు చూసి నవ్వుకో.)


సాన్ గ్రాతో,
1967 నవంబరు 14

అక్కా,

పోయింది. పూర్తిగా పోయింది.

జ్వరం దిగిన రోజున కాఫీ పెట్టుకున్నాను, వేడినీళ్ళు తాగినట్టుంది. జ్వరం నోరు అనుకున్నాను. కోత హడావిడిలో రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంటూ గడిపాను. మొన్న సాన్ మార్తినో పండుగకి అందరి వాకిళ్ళలోనూ చెస్ట్‌నట్ కాయలు కాలుస్తున్నారు. నేనూ పెనం పెట్టి లోపలికి వెళ్ళాను. పక్కింటావిడ గోడ మీంచి కేకలేసేదాకా నాకు తెలియలేదు. బయటకు వచ్చి చూస్తే బొగ్గులు. "నీ ముక్కేం పని చేస్తోందే?" అంది. "వంటింట్లో ఉన్నా, గాలి అటుగా వీచింది" అన్నాను. ఇవ్రేయాలో డాక్టరు చూశాడు. వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చు అన్నాడు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో!

నాలుక ఉంది. పులుపు తెలుస్తుంది, చేదు తెలుస్తుంది, వగరు తెలుస్తుంది. మిగతాదంతా గోడ.

ఇంకా ఉంది. అక్టోబరు మొదటి శనివారం పీపాలు నింపడానికి కొత్త బుడ్డి మూత తీశాను. అలవాటుగా వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు. చెడు వాసన లేదు కదా, బాగుందనుకున్నాను. నాలుగు పీపాల్లోనూ పోశాను. వారం తర్వాత చూస్తే బుడ్డిలో మిగిలిన దాని మీద మీగడలాంటి తెల్లపొర. పులిసిపోయింది అక్కా. చెడిన బుడ్డితో నాన్న చేసిన ఆఖరి వైన్‌ని నా చేత్తో నేనే నింపాను. ఇప్పుడు నాలుగింటిలో ఏది వెనిగర్ అవుతోందో, ఏది బాగుందో నాకు తెలియదు.

మార్చి పందొమ్మిది, సాన్ జ్యుసెప్పె రోజున ఊరివాళ్ళు నేలమాళిగకి వస్తారు. నాన్న ఉండగా నువ్వూ చూశావు. ఇంటివాళ్ళే ముందు రుచి చూసి ప్రతి పీపా మీదా మాట చెప్పాలి. తర్వాతే మిగతావాళ్ళు నోట పెట్టుకుంటారు. మాట సరిపోతే సీసాల్లో నింపడానికి పదిమందీ సాయం వస్తారు. చెడిన పీపాని బాగుందని చెప్పిన ఇంటికి ఎవరూ రారు, ఏమీ అనరు, ఊరికే రారు అంతే. బెర్తీనో ఇంట్లో అలాగే కదా అయింది. మూడేళ్ళు ఓక్ చెక్కలో పెంచిన వైన్‌ని ఒక్కదాన్నే వారంలో సీసాలకి ఎక్కించలేను. అప్పుడు ఉమ్మడి గిడ్డంగే గతి. మన వైన్ అనేది ఉండదు.

నేను మూసెయ్యను. ఆ సంగతి ముందే చెబుతున్నాను.

నాన్న తన ముక్కు నీకిచ్చాడు, తాళంచెవి నాకిచ్చాడు. నువ్వు మఠానికి వెళ్ళకపోతే తాళంచెవి కూడా నీదే అయ్యేది, అది నాకెప్పుడూ తెలుసు. ఇప్పుడు ఆ ముక్కు ఒక్కసారి అప్పివ్వు. నాలుగు చిన్న సీసాలు పంపుతున్నాను, బియ్యం కోసం మీ వైపు వచ్చే లారీలో. మీ గోడలో తిరిగే చెక్క గూట్లో పెట్టి వెళతారు. ఎర్ర దారం చెవిటిది, తెల్లది మొండిది, నీలం నాన్నది, నల్లది దొరసాని. వాసన చూసి ఒక్క మాట రాయి, చాలు.

మదర్ గారూ, మీరు చదువుతున్నారని తెలిసే రాస్తున్నాను. ఇది తాగుడు కాదు, వైద్యం.

క్లేలియా


వెర్చెల్లి,
1967 డిసెంబరు 1

క్లేలియా,

సీసాలు భద్రంగా చేరాయి. నాలుగూ నా గది కిటికీ దగ్గర ఉన్నాయి.

బొగ్గులైన కాయల సంగతి చదివి నవ్వాను, తర్వాత చాలాసేపు ఏడ్చాను. జ్వరం వచ్చినప్పుడే ఎందుకు రాయలేదు? అక్క దగ్గర కూడా దాచుకుంటే ఇంకెవరి దగ్గర చెప్పుకుంటావు?

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. ఇక్కడికి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్కటి వదిలిపెడతారు. ఒకావిడ పాటలు వదిలింది, ఒకావిడ తన జడ చూసి ఏడ్చింది. నేను వైన్ వదిలాను. నాకు అంతకంటే పెద్దది ఏదీ లేదు. ఇరవై రెండేళ్ళు అయింది. పండుగలకి అందరికీ అరగ్లాసు పోస్తారు, నా ముందు నీళ్ళు పెడతారు. కాబట్టి ఈ సీసాల మూత తీయాలంటే మదర్ గారిని అడగాలి. అడిగి రాస్తాను.

ఎల్లుండి నుంచి ఉత్తరాలు ఆగుతాయి. పీపాలు నింపడం మాత్రం ఆపకు. కొత్త బుడ్డి తీసే ముందు కళ్ళతో చూడు.

అక్క


సాన్ గ్రాతో,
1967 డిసెంబరు 27

అక్కా,

క్రిస్మస్ అయిపోయింది కాబట్టి నీకు ఇది చేరుతుందనుకుంటున్నాను. ఏమైంది? ఒక్క మాట రాయి. తలుపు వైపు నుంచి లెక్కపెట్టి, మూడో నంబరు, నాలుగో నంబరు అని అంకె వేసినా చాలు.

పండుగ భోజనానికి సెకొందో అన్నయ్య ఇంటికి పిలిచాడు. వదిన కుందేలు వండింది. గిన్నె మూత తీసి "ఎలా ఉంది వాసన?" అంది. "అద్భుతం" అన్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, అన్నయ్య చాలాసేపు నన్నే చూశాడు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "పెదనాన్న పీపా ఈసారి ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించాలమ్మాయ్. దాని కోసమే నేను వస్తున్నా" అన్నాడు. వెక్కిరింపో అభిమానమో తెలియలేదు.

నా అనుమానం చెవిటిది మీద. అది తలుపు దగ్గర ఉంది, ఎండాకాలం వేడి తగులుతుంది. ఎప్పుడు కొట్టినా మొద్దు చప్పుడే. నాన్న కూడా దాన్ని ఎప్పుడూ తిట్టేవాడు.

క్లేలియా


వెర్చెల్లి,
1968 జనవరి 9

క్లేలియా,

సీసాల మూతలు తీయలేదు. తీయను కూడా. మఠంలో అనుమతి అనేది ఒకటి ఉంటుంది, మన ఇష్టం అనేది వేరే ఉంటుంది. ఇంతకంటే రాయను.

నీ కోపం నాకు ఇక్కడికే వినిపిస్తోంది. అది పక్కన పెట్టి, అడిగిన వాటికి జవాబు రాయి.

ఆ శనివారం బుడ్డి మూత తీసి ముందుగా ఏ పీపాలో పోశావు? అక్టోబరుకి ముందు ఏ పీపా ఎంత తాగేది, ఇప్పుడు ఎంత తాగుతోంది? బిరడాకి చుట్టిన గుడ్డ తీసి లోపలి వైపు వేళ్ళతో రాసి చూడు, గరుకుగా ఉందా, జారుతోందా? ఒక్కొక్క పీపా నుంచి ఒక గుక్క నోట్లో పట్టుకుని ఇరవై లెక్కపెట్టు. ఎక్కడ పట్టుకుంటుంది? చిగుళ్ళనా, గొంతునా?

నాన్నకి ముక్కు మాత్రమే ఉండేదని ఎవరన్నారు? ముక్కుతో చూడటం నాకు నేర్పాడు. మిగతావి నీకు నేర్పాడు. నాకు తెలుసు, ఎందుకంటే నేను కుళ్ళుకునేదాన్ని.

అక్క


సాన్ గ్రాతో,
1968 ఫిబ్రవరి 4

సిస్టర్ పాచిఫికా గారికి,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

నాలుగు చుక్కలు. నాలుగు చుక్కల వాసన చూసి ఒక్క అంకె వేయమన్నాను. దేవుడు ఆ మాత్రానికి అలుగుతాడా? ఆయనే ఒక పెళ్ళిలో నీళ్ళని వైన్ చేశాడని ప్రతి ఏడూ పాదిరీ గారు చదువుతూనే ఉంటారు. మదర్ గారూ, మీకు చెల్లెళ్ళు లేరా?

కుళ్ళుకునేదాన్నని ఇప్పుడు చెబుతున్నావు. నువ్వు వెళ్ళిపోయిన రోజు నాన్న నేలమాళిగలోనే ఉండిపోయాడు, భోజనానికి పైకి రాలేదు. మర్నాడు తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఉంచు" అన్నాడు. నీదని అనలేదు. ఉంచు అన్నాడు. ఇరవై రెండేళ్ళు ఉంచాను.

నీ ప్రశ్నలకి జవాబులు రాస్తున్నాను, ఎందుకూ పనికిరావని నీకు తెలియడానికి.

ముందుగా ఎందులో పోశాననేది ఒక ప్రశ్నా? నాన్న పీపాలోనే. ఎప్పుడూ నాన్నదే ముందు నింపుతాం, అది మన ఇంటి మర్యాద. తర్వాత దొరసాని, మొండిది, చివరికి చెవిటిది. బుడ్డి పైభాగం, పొర ఉంటే గింటే ఆ పొర, నాన్నదాంట్లోకే పోయి ఉంటుంది.

తాగడం: చెవిటిది, మొండిది, దొరసాని ఎప్పటిలాగే వారానికి గ్లాసు. నాన్నది ఇదివరకు గ్లాసున్నర, క్రిస్మస్ నుంచి రెండు దాటుతోంది. దాని బిరడా నాన్న స్వయంగా చెక్కింది కదా, ఎండి కాస్త కుంచించుకుపోయినట్టుంది, చేత్తోనే ఊడి వస్తోంది. కొత్తది పెట్టడానికి మనసు రాలేదు.

గుడ్డ: మూడింటిది గరుకు. నాన్నది జారుతోంది, సబ్బు రాసినట్టు.

నోట్లో పట్టుకుంటే: దొరసాని చిగుళ్ళని పట్టుకుంది, వదల్లేదు. మొండిది మొదట నాలుకని, తర్వాత చిగుళ్ళని. చెవిటిది అన్నిటికంటే గట్టిగా, బుగ్గల లోపల గొంగళి పెట్టినట్టు, తర్వాత మెల్లగా వదిలింది, తియ్యగా అనిపించింది కూడా. నాన్నది చిగుళ్ళ దగ్గర ఆగలేదు. నేరుగా గొంతులోకి వెళ్ళి మిరియం మింగినట్టు గీసింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే.

ఇవన్నీ రాసి ఏం లాభం? పోయింది చెవిటిదే అయి ఉంటుంది. నాన్న పీపా పోదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ పోలేదు.

క్లేలియా


వెర్చెల్లి,
1968 ఫిబ్రవరి 26

క్లేలియా,

ఎల్లుండి విభూది బుధవారం. ఇక ఈస్టర్ దాకా ఉత్తరాలు లేవు, సాన్ జ్యుసెప్పె రోజు కూడా అందులోనే పోతుంది. కాబట్టి ఇది ఆఖరు.

నీ ఉత్తరం నీకే తిప్పి పంపుతున్నాను. కొన్ని పంక్తుల కింద పెన్సిల్‌తో గీశాను. ఇది ఎవరో అపరిచితురాలు రాసిందనుకుని చదువు. చివరి నాలుగు వాక్యాలు కొట్టేశాను, అవి కోపంలో రాసినవి, చూసి రాసినవి కావు.

నీ కోసం ప్రార్థన చేస్తాను. నువ్వు మాత్రం పీపా దగ్గర ప్రార్థన చెయ్యకు, నోట్లో పట్టుకుని ఇరవై లెక్కపెట్టు.

అక్క


సాన్ గ్రాతో,
1968 మార్చి 20

అక్కా,

ఈస్టర్ దాకా ఇది నీ చేతికి రాదు. అయినా రాయకుండా ఉండలేను.

నువ్వు తిప్పి పంపిన ఉత్తరం బల్ల మీద పెట్టుకుని చదివాను. చదివి లేచి నేలమాళిగకి వెళ్ళి నాన్న పీపాకి ఆనుకుని కూర్చున్నాను. గీతలన్నీ దాని కిందే ఉన్నాయి. నీ మీద కోపం పోయింది, నా మీద వచ్చింది. మర్యాద కోసం ముందు నింపాను, ప్రేమ కోసం పాత బిరడా ఉంచాను, రెండూ కలిసి దాన్ని చంపాయి. మర్నాటి నుంచి ప్రతిరోజూ మధ్యాహ్నం నాలుగు పీపాలూ రుచి చూశాను. పదహారు రోజులు. ఒక్క రోజు కూడా మాట మారలేదు.

నిన్న ఎనిమిది మంది వచ్చారు. సెకొందో అన్నయ్య అందరికంటే ముందు. ఓక్ పలకలు కోసి మన పీపాలు కట్టిన జెపిన్ తాతని ఇద్దరు చేతులు పట్టుకుని మెట్లు దింపారు. ఎనభై మూడేళ్ళు, కిందపడితే మనమే పీపాలా కట్టాలి అని అందరూ నవ్వుతున్నారు. తాత నవ్వలేదు.

చెవిటిదాని చీల తీశాను. గ్లాసులో పట్టి ముక్కు దగ్గర పెట్టుకోలేదు, నేరుగా నోట్లో పోసుకున్నాను. అన్నయ్య కనుబొమలు లేచాయి. ఇరవై లెక్కపెట్టాను. "ఇది ఈ ఏటి మొదటి పీపా. అన్నిటికంటే పైది" అన్నాను. ఎవరో దగ్గారు. చెవిటిదాన్ని మన ఇంట్లో ఎవరు పొగిడారు ఇన్నాళ్ళూ? వాళ్ళు తాగారు. తర్వాత గ్లాసులు మళ్ళీ చాచారు. మొండిది బాగుంది, ఇంకో ఏడాది సీసాలో ఆగాలి అన్నాను. దొరసాని బాగుంది అన్నాను. సరేనన్నారు. నాన్నది కావాలనే చివరికి ఉంచాను.

నాన్నదాని ముందు నిలబడ్డాను. అందరూ టోపీలు తీశారు.

"ఇది పోయింది" అన్నాను. "తప్పు నాదే. చెడిన బుడ్డితో నింపాను. దీన్ని సీసాల్లో పెట్టను."

"ఏం మాట్లాడుతున్నావే!" అన్నాడు అన్నయ్య. గ్లాసు లాక్కుని పట్టి, వాసన చూసి, తాగి, "ఘుమఘుమలాడిపోతుంటే పోయిందంటావేంటి? పెదనాన్న పీపాలు నాలుగూ కలిపినా ఇంత వాసన ఎప్పుడూ రాలేదు! వాసన చూడు ముందు, తర్వాత మాట్లాడు" అన్నాడు. పక్కనున్న ఇద్దరు కూడా తాగి అవునవునన్నారు.

గ్లాసు నా ముఖం ముందు పెట్టాడు. ఆరు నెలలుగా దాచిన అబద్ధం ఒక్క పీల్పు దూరంలో ఉంది. పీల్చినట్టు నటించి, పోనీలే బాగుందేమో అంటే అయిపోయేది. అందరూ అదే కోరుకుంటున్నారు.

"నాకు వాసన రాదు అన్నయ్యా" అన్నాను. "సెప్టెంబరు జ్వరంలో పోయింది. చెస్ట్‌నట్‌లు మాడ్చింది అందుకే. కుందేలు అద్భుతం అన్నానే, అదీ అబద్ధమే, వదిన ఏమీ అనుకోకూడదు. వాసన నాకు తెలియదు. కానీ ఈ పీపా పోయింది. నేను మాట మార్చను."

"వాసన రానిదానివి నేలమాళిగ ఎలా నడుపుతావే?" అన్నాడు. అరవలేదు అక్కా, అదే బాధ. జాలిగా అన్నాడు.

అప్పటిదాకా జెపిన్ తాతకి ఎవరూ గ్లాసు ఇవ్వలేదు. ఆయనే చెయ్యి చాచాడు. నోట్లో పోసుకుని పట్టుకున్నాడు. ఎంతసేపో! చివరికి మట్టిలో ఉమ్మేసి, మూతి తుడుచుకుని, "పై వాసన చూసి పడిపోయార్రా మీరంతా. చెడిపోయేముందు అలాగే గుబాళిస్తుంది. ఇంకో రెండు నెలలాగితే వెనిగర్ అని ఆకుకూర మీద పోసుకోవచ్చు" అన్నాడు.

అన్నయ్య ఏదో అనబోయాడు. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగా చెప్పు. నాకు ఇరవై ఏళ్ళ నుంచి వినపడదు" అన్నాడు. అందరం ఉలిక్కిపడ్డాం. ఇన్నేళ్ళూ సుత్తితో కొట్టి, ఈ పీపా మోగుతోంది, ఇది మోగడం లేదు అని ఊరంతటికీ చెప్పింది ఆయనే. "వేళ్ళతో వింటాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "శుక్రవారానికి ఎంతమంది కావాలే నీకు?" అన్నాడు.

"ఆరుగురు" అన్నాను. ఏడుగురు చేతులెత్తారు. అన్నయ్య ఎత్తలేదు, టోపీ పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున లేచి చూస్తే నా గుమ్మంలో బిరడాలు కొట్టే యంత్రం ఉంది, ఆయనది. నూనె రాసి ఉంది.

చంద్రుడు తగ్గుతున్నాడు, సీసాలు నింపడానికి మంచి రోజులు. శుక్రవారం మొదలుపెడతాం.

క్లేలియా


వెర్చెల్లి,
1968 ఏప్రిల్ 16, ఈస్టర్ తర్వాతి మంగళవారం

క్లేలియా, నా చిట్టీ,

నీ ఉత్తరం ఆదివారం చేతికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని చదివాను, ప్రార్థన అనుకుని ఎవరూ కదిలించలేదు.

ఇప్పుడు నా ఒప్పుకోలు విను. జనవరిలో అనుమతి అనేది ఒకటి ఉంటుంది అని రాశాను. ఉంటుంది, అది అబద్ధం కాదు. కానీ అది నాకు దొరికింది. అడిగిన రోజునే మదర్ గారు సరే తెరువు అన్నారు. తెరవనన్నది నేను. వ్రతం కోసం కాదు. నేను ఆ నాలుగు సీసాల వాసన చూసి నీకు అంకె రాసి ఉంటే, వచ్చే ఏడూ నాలుగు పంపేదానివి, ఆ పై ఏడూ పంపేదానివి. నేను పోయాక ఎవరికి పంపుతావు? నేలమాళిగ నీదై ఉండి కూడా ముక్కు మఠం గోడ వెనక ఉండిపోయేది. నిన్ను ఏడిపించానని తెలుసు. సగం ధైర్యం, సగం భయం. ప్రతి ఉదయం ఆ సీసాలు చూసి, తప్పు చేస్తున్నానేమో, నాన్న ఆఖరి వైన్‌తో పందెం కాస్తున్నానేమో అనుకునేదాన్ని.

నిన్న నీ ఉత్తరం పక్కన పెట్టుకుని నాలుగూ తెరిచాను. నీలం దారం దాంట్లో జిగురు వాసన, దాని వెనక వెనిగర్. నవంబరులోనే మొదలైంది. ఎర్ర దారం సంగతి చెప్పనా? ముందు ఏమీ చెప్పలేదు, చెవిటిది కదా. చేత్తో గ్లాసు వేడి చేశాక వచ్చింది. ఎండిన గులాబీ, తారు, వానకి తడిసిన రాతి స్తంభం, నాన్న కోటు. నువ్వు చిగుళ్ళతో చెప్పిందే నేను ముక్కుతో చెబుతున్నాను. రెండు గుక్కలు తాగాను. వ్రతం చెడింది, విచారం లేదు.

నాన్న తాళంచెవి ఇచ్చి "ఉంచు" అన్నాడని ఇన్నాళ్ళూ బాధపడ్డావు. నేను వెళ్ళే ముందు రోజు నాకూ ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. "క్లేలియా చెయ్యి ఎప్పుడూ తడబడదు, దానికివ్వు" అన్నాను. "అది నాకు తెలుసు. నువ్వు ఒప్పుకుంటావో లేదో చూశాను" అన్నాడు. ఈ మాట నీకు ఇరవై రెండేళ్ళ కిందటే చెప్పాల్సింది. కుళ్ళు వల్ల చెప్పలేదు.

నాన్న పీపా కడిగి, గంధకం పొగ పట్టించి, ఆ బిరడా తీసేసి కొత్తది పెట్టు. శనివారాలు ఇకనుంచి చెవిటిదాన్ని ముందు నింపు.

వచ్చే ఏడు దారాలు కట్టిన చిన్న సీసాలు పంపకు, పంపితే మూత తీయను. నిండు సీసా ఒకటి పంపు, తాగడానికి.

ఒత్తావియా అక్క


క్లేలియా గారికి, కింద నాలుగు పంక్తులు నావి. నిన్న నేనూ ఆ నాలుగు సీసాల వాసన చూశాను. నా ముక్కు చక్కగానే ఉంది. నాకు నీలం దారం అన్నిటికంటే బాగుందనిపించింది, మీ అక్క ముఖం చూసి ఆ మాట మింగేశాను. కాబట్టి ఆ పని మీ చేతుల్లో ఉండటమే మంచిది. నాకు ముగ్గురు చెల్లెళ్ళు. నిండు సీసాలు రెండు పంపండి.

మదర్ జెల్త్రూదె